బీచ్ ఊళ్లో, గుడి ఊళ్లో పనివాళ్లకు తక్కువ అద్దె వసతి: అద్దె లెక్క నుంచి తాళంచెవి దాకా

నెల్లూరు దగ్గరి మైపాడులో రిసార్టు నడిపేవాళ్లు, ఒంగోలు దగ్గరి కొత్తపట్నం బీచ్ దారిలో హోటల్ పెట్టినవాళ్లు, గుడి ఊరు పెంచలకోనలో గదులు అద్దెకిచ్చేవాళ్లు తరచూ అడిగే మాట ఇది: "పనివాళ్లు నిలవడం లేదు, ఉండటానికి చోటు చూపిస్తేనే వస్తామంటున్నారు, ఎట్లా?" పనివాళ్ల ప్రశ్న వేరు. "నలుగురం కలిసి ఇల్లు తీసుకుందామంటే పెళ్లికాని కుర్రాళ్లకు ఇవ్వమంటున్నారు, ఏం చెయ్యాలి?" రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. ఊళ్లోనే పది నుంచి ఇరవై మంది ఉండగలిగే చిన్న వసతి, సరైన అద్దెకు, సరైన కాగితాలతో.

ఇది ముగ్గురికి పనికొస్తుంది: ఇద్దరు ముగ్గురు హోటల్ యజమానులు కలిసి చేసేవాళ్లకు, ఖాళీగా పడి ఉన్న పాత మిద్దె ఉన్న ఇంటివాళ్లకు, సొంతంగా ఒక ఇల్లు తీసుకుని నడుపుకోవాలనుకునే పనివాళ్ల గుంపుకు. పెద్ద భవనం కట్టే పని ఇందులో లేదు.

1. ఇల్లు వెతికే ముందు మనుషుల్ని లెక్కపెట్టండి

చాలామంది ముందు ఇల్లు మాట్లాడేసుకుంటారు. తర్వాత మనుషుల్ని అందులో సర్దుతారు. గొడవలన్నీ అక్కడే మొదలు.

మధ్యాహ్నం భోజనాల హడావుడి అయ్యాక, మూడు నుంచి ఐదు మధ్య హోటల్ వెనకవైపు వెళ్లండి. అప్పుడే వంట మాస్టర్లు, సప్లయర్లు, గిన్నెలు తోమేవాళ్లు కాస్త కూర్చుంటారు. యజమాని ముందర అడిగితే "అంతా బాగుంది సార్" అనే అంటారు. వాళ్లను విడిగా అడగాలి.

అడగాల్సినవి:

- ఇప్పుడు ఎక్కడ పడుకుంటున్నారు? హాల్లో బల్లల మీదా, స్టోర్ రూములోనా, ఊళ్లో గదిలోనా?
- డ్యూటీ ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు?
- ఒంటరా, కుటుంబంతోనా? పిల్లలుంటే ఏ వయసు?
- నెలకు చేతికొచ్చేది ఎంత? ఇంటికి పంపేది ఎంత?
- ఏడాదిలో ఎన్ని నెలలు ఇక్కడుంటారు?

మన దగ్గర పనివాళ్లు రెండు రకాలు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాళ్లకు మంచం, తాళం, ఫోన్ చార్జింగ్ ఉంటే చాలావరకు సరిపోతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి ఊడ్చేవాళ్లు, గదులు శుభ్రం చేసేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్లకు రోజూ వసతి అక్కర్లేదు, రాత్రి ఆలస్యమైన రోజు భద్రంగా పడుకునే చోటు కావాలి. వాచ్‌మన్ కుటుంబం ఉంటే అది మూడో లెక్క, వాళ్లకు విడి పోర్షన్ తప్ప దారి లేదు.

సీజన్ కూడా రాసుకోండి. బీచ్‌కి శని, ఆదివారాలు, కార్తీక మాసపు సముద్ర స్నానాలు, సంక్రాంతి, వేసవి సెలవులు. పెంచలకోనకు వైశాఖంలో నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు. నెల్లూరు లాడ్జీలకు మొహర్రం నాటి రొట్టెల పండుగ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి తీరం ఊళ్ల కుర్రాళ్లు కొందరు అదే సమయంలో బీచ్ పనులకు వస్తారు. ఏడాదంతా ఉండేవాళ్ల సంఖ్యకే మంచాలు వేయండి. సీజన్‌లో వచ్చేవాళ్లకు మడత మంచాలు, ఒక హాలు చాలు.

2. అద్దె లెక్క వెనక నుంచి వెయ్యండి

ఈ పనిలో అసలు కీలకం ఇదే. మామూలుగా ఇంటి అద్దెను మనుషులతో భాగించి తలా ఇంత అంటారు. అలా చేస్తే సీజన్ లేని నెలలో నలుగురు వెళ్లిపోగానే మిగతావాళ్ల మీద భారం పడుతుంది, మరో ఇద్దరు వెళ్లిపోతారు, నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ.

పనివాడు ఇవ్వగలిగినదాంతో మొదలుపెట్టండి. చేతికొచ్చేదాంట్లో ఆరో వంతు, మహా అయితే ఐదో వంతు దాటకూడదని నా లెక్క. కరెంటు, నీళ్లు అందులోనే కలవాలి. వీళ్లు సంపాదనలో పెద్ద భాగం ఇంటికి పంపేవాళ్లు, అంతకు మించితే మళ్లీ హోటల్ బల్లల మీదికే వెళ్లి పడుకుంటారు.

ఒక ఉదాహరణ. అంకెలు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

నెలకు ₹12,000 తీసుకునేవాళ్లు, మంచానికి ₹2,000. నాలుగు గదులు, గదికి ముగ్గురు, మొత్తం 12 మంచాలు. ఎప్పుడూ 12 నిండవు కాబట్టి ఏడాది సగటున తొమ్మిదే నిండుతాయని పట్టుకోండి. వచ్చేది ₹18,000.

ఖర్చులు: కరెంటు ₹2,200, తాగునీటి క్యాన్లు, అప్పుడప్పుడు ట్యాంకరు కలిపి ₹1,800, శుభ్రం చేసే ఆమెకు ₹2,500, రిపేర్లకూ సెప్టిక్ ట్యాంకుకూ పక్కన పెట్టేది ₹2,000. మొత్తం ₹8,500.

మిగిలింది ₹9,500. మీరు ఇంటికి ఇవ్వగలిగిన గరిష్ఠ అద్దె అదే. ఇంటాయన ₹14,000 కంటే తక్కువకు రానంటే ₹4,500 తేడా వస్తుంది. దాన్ని పనివాళ్ల మీద రుద్దకండి. ఆ ఇంట్లో మనుషులున్న మూడు హోటళ్లు తలా ₹1,500 వేసుకుంటే తేడా పూడిపోతుంది. కొత్త మనిషిని వెతికి, పని నేర్పి, వాడు పదిహేను రోజులకే వెళ్లిపోతే అయ్యే నష్టం కంటే అది తక్కువే. యజమానులు ఒప్పుకోకపోతే ఇంకో ఇల్లు చూడాలి. తేడాను "తర్వాత చూద్దాం" అని వదిలేస్తే మాత్రం ఇల్లు నడవదు.

కరెంటు దగ్గర ఒక చిట్కా. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కరెంటు రేటు స్లాబుల్లో పెరుగుతుంది. 2022-23 టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు ₹1.90, ఆ తర్వాత 75 దాకా ₹3, 125 దాకా ₹4.50, 225 దాకా ₹6, 400 దాకా ₹8.75, ఆపైన ₹9.75. ఒకే మీటరు మీద 300 యూనిట్లు కాలితే సుమారు ₹1,673, రెండు మీటర్లకు చెరి 150 అయితే ₹1,134. సర్‌చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు అదనం. రెండు పోర్షన్ల ఇంట్లో రెండు మీటర్లుంటే వాటిని ఒకటి చెయ్యకండి. అయితే వసతిని గృహ వినియోగం కింద లెక్కేస్తారా, వాణిజ్యం కిందా అన్నది ముందే కరెంటాఫీసులో అడిగి తేల్చుకోండి. నెల్లూరు జిల్లావాళ్లు ఏపీఎస్పీడీసీఎల్, ప్రకాశంవాళ్లు ఏపీసీపీడీసీఎల్ ఆఫీసుకు వెళ్లాలి.

3. ఊళ్లోనా, టౌన్‌లోనా?

మైపాడు నెల్లూరుకు దాదాపు 25 కిలోమీటర్లు. టౌన్‌లో ఉండి రోజూ వచ్చిపోవచ్చు కదా అంటారు. కొందరికి అదే మేలు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పగటి డ్యూటీ చేసే ఆడవాళ్లు ఇంటి నుంచే రాగలిగితే వసతి ఖర్చే ఉండదు. టౌన్‌లో ఉండేవాళ్లకు అన్న క్యాంటీన్‌లో ₹5కే భోజనం దొరుకుతుంది.

చూడాల్సింది ఆఖరి బస్సు. డిపోలో అడిగి టైము రాసుకోండి. డ్యూటీ ముగిసే టైముకూ ఆఖరి బస్సుకూ మధ్య కనీసం అరగంట ఉంటేనే టౌన్. లేకపోతే ఊళ్లోనే వసతి చూడాలి. రాత్రి పదకొండింటికి గిన్నెలు కడిగి బయటపడే మనిషిని షేర్ ఆటో మీద వదిలేసే ఏర్పాటు ఏర్పాటే కాదు.

ఊళ్లో అయితే మూడు జాగ్రత్తలు:

- సముద్రానికి మరీ దగ్గరొద్దు. తీర ప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం గ్రామీణ తీరంలో పోటు గీత (పోటు నీళ్లు వచ్చే చివరి హద్దు) నుంచి సాధారణంగా 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలకు వీల్లేదు. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న ఊళ్లకు దాన్ని 50 మీటర్లకు తగ్గించింది. మీ ఊరు ఎందులో పడుతుందో తెలియకుండా వెనకాల రెండు గదులు వేసేద్దాం అనుకోకండి.
- వానకు నీళ్లు నిలిచే చోటా అని పక్కింటి ముసలాళ్లను అడగండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మేలో ఇల్లు చూసి ఒప్పుకుంటే నవంబరులో తెలుస్తుంది సంగతి.
- బోరు నీళ్లు నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే స్నానానికి, కడుక్కోవడానికి తప్ప పనికిరావు. తాగునీరు, వంటనీరు విడిగా లెక్కలో పెట్టుకోవాలి.

4. ఇల్లు చూసేటప్పుడు ఏం చూడాలి

గది కొలత. పనివాళ్ల వసతికి అంతర్జాతీయంగా వాడే కొలమానాల్లో మనిషికి కనీసం 4 చదరపు మీటర్లు, అంటే 43 చదరపు అడుగులు. 10x12 గది 120 చదరపు అడుగులు. కాబట్టి ముగ్గురే, అది కూడా కాస్త సర్దుకుంటేనే. నాలుగో మంచం పట్టడమైతే పడుతుంది, కానీ నడిచే దారి పోతుంది. మంచం మీద ఇంకొక మంచం వేసే పద్ధతి సరే, మూడంతస్తులు వద్దేవద్దు.

కప్పు. రేకుల కప్పయితే మధ్యాహ్నం రెండింటికి వెళ్లి లోపల పావుగంట కూర్చోండి. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లు ఆ వేడిలో నిద్రపోలేరు. రేకుల కింద సీలింగ్ వేయించి, పైన సున్నం గానీ తెల్ల కూల్ పెయింట్ గానీ కొట్టించమని ఇంటాయనతో ముందే ఒప్పందం చేసుకోండి. మిద్దె ఇల్లు దొరికితే వందో రెండొందలో ఎక్కువైనా దాన్నే తీసుకోండి.

మరుగుదొడ్లు. పదిహేను మందికి ఒకటి అన్నది కనీస కొలమానం. డ్యూటీలన్నీ ఒకే టైముకు మొదలయ్యే చోట అది చాలదు. ఆరేడుగురికి ఒకటి పెట్టుకోండి. స్నానపు గది, మరుగుదొడ్డి విడిగా ఉంటే పొద్దున క్యూ సగం తగ్గుతుంది.

నీళ్లు. మనిషికి రోజుకు 100 లీటర్లు. 12 మందికి 1,200 లీటర్లు కాబట్టి వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు. కరెంటు పోయిన రోజుకు కింద సంపు ఉంటే నిశ్చింత. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు రోజుకు రెండు.

సెప్టిక్ ట్యాంకు. అద్దె ఇళ్లలో ఎవరూ మూత తీసి చూడరు. నలుగురున్న కుటుంబానికి కట్టిన ట్యాంకు మీద పన్నెండు మందిని పెడితే త్వరలోనే పొంగుతుంది. 20 మందికైతే లోపలి కొలత సుమారు ఏడున్నర అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు ఉండాలి. ఇంకుడు గుంత బోరుకు 60 అడుగుల దూరంలో ఉండాలి. నిండితే వ్యాక్యూమ్ బండినే పిలవండి. మనిషిని లోపలికి దించడం ప్రాణాంతకం, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

వైరింగ్. ఎర్తింగ్ ఉందా, బోర్డులో 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపే స్విచ్చు) ఉందా చూడండి. తీరం గాలికి స్విచ్చులు, హోల్డర్లు తుప్పు పడతాయి. పాత బోర్డు మార్పించకుండా మనుషుల్ని దింపకండి.

5. కాగితాలు

అడ్వాన్స్ ఇచ్చేశాక కాగితాలు అడిగితే ఎవరూ రాయరు. ముందు కాగితం, తర్వాత డబ్బు.

ఇంటి యజమానితో ఒప్పందం. పదకొండు నెలల అగ్రిమెంటు మన దగ్గర అలవాటు, ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న నమ్మకంతో. నిజానికి మన రాష్ట్రంలో ఏ గడువు లీజుకైనా రిజిస్ట్రేషన్ కావాలి. కుటుంబానికైతే పదకొండు నెలలు సరే. మీరు ట్యాంకు కట్టించి, వైరింగ్ మార్పించి, మంచాలు వేశాక పన్నెండో నెలలో ఖాళీ చెయ్యమంటే పెట్టిందంతా గోడలోకి పోయినట్టే. కనీసం మూడేళ్ల లీజు రిజిస్టర్ చేయించండి. అందులో ఇవి కచ్చితంగా ఉండాలి:

- ఇల్లు పనివాళ్ల వసతికి వాడుకోవచ్చనీ, మనిషి మనిషికీ విడిగా ఇవ్వొచ్చనీ స్పష్టమైన అనుమతి
- ఏటా అద్దె పెంపు ఎంత శాతం
- మీరు చేయించిన రిపేర్లు అద్దెలో ఎలా తగ్గించుకుంటారు
- ఖాళీ చెయ్యడానికి రెండు వైపులా మూడు నెలల నోటీసు

అడ్వాన్స్ విషయానికొస్తే, 2021లో కేంద్రం ఇచ్చిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలల అద్దెను గరిష్ఠంగా చెప్పింది. బేరానికి అది మంచి ఆధారం.

ఉండేవాళ్లతో కాగితం. ఒక్క పేజీ చాలు. పేరు, మంచం నంబరు, నెల అద్దె, అందులో ఏమేం కలిశాయి, ఖాళీ చెయ్యడానికి గడువు. ఒరియా, హిందీ మాట్లాడేవాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించి సంతకం తీసుకోండి. డబ్బు తీసుకున్న ప్రతిసారీ రసీదు ఇవ్వండి, ఫోన్‌పేలో వేసినా సరే. ఒకరి ఆధార్ ఒరిజినల్ కార్డు మీ బీరువాలో పెట్టుకోకండి, జిరాక్స్ చాలు.

పోలీస్ స్టేషన్‌లో ఫొటో, ఆధార్ జిరాక్స్‌తో అందరి వివరాలు ఇవ్వండి. ఊళ్లో ఏ చిన్న దొంగతనం జరిగినా ముందు బయటి కుర్రాళ్ల మీదే అనుమానం. ఆ కాగితం వాళ్లకే రక్ష. పంచాయతీ కార్యదర్శిని కలిసి లైసెన్సు ఏమైనా కావాలా అడగండి. యానాది గిరిజన కుటుంబాల్లో ఆధార్ లేనివాళ్లు ఎదురైతే పొమ్మనకుండా దగ్గరున్న ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి నమోదు చేయించండి.

జీఎస్టీ గురించి అనవసర టెన్షన్ పడతారు. మనిషికి నెలకు ₹20,000 లోపు, వరసగా 90 రోజులు ఉండే వసతికి 2024 జులై 15 నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది. మన అద్దెలు దాని దరిదాపుల్లో కూడా లేవు. ఆ నియమం కోసం ఒప్పందంలో కనీస గడువు 90 రోజులని రాసుకోండి. పది రోజులకు వచ్చే సీజన్ మనుషుల లెక్క విడిగా పెట్టండి.

ఇంకొంచెం పెద్దగా, కొత్తగా కట్టి చెయ్యాలనుకునేవాళ్లు 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో తక్కువ అద్దె ఇళ్ల విభాగం గురించి తెలుసుకోండి. వలస కార్మికులు, ఉద్యోగం చేసే ఆడవాళ్లు అందులో అర్హులు, ప్రైవేటువాళ్లు కట్టి నడిపే దారి కూడా ఉంది. పట్టణ పథకం కాబట్టి మీ ఊరు దాని పరిధిలోకి వస్తుందా అన్నది నెల్లూరులో నుడా గానీ ఒంగోలులో ఔడా గానీ (పట్టణాభివృద్ధి సంస్థలు) చెప్పాలి. ఎవరిదో టిడ్కో ఇల్లు (పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించి ఇచ్చినది) అద్దెకు దొరుకుతోందని తొందరపడకండి, కేటాయింపు షరతులు చదవకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

6. జీతానికీ గదికీ మధ్య గోడ

యజమానే వసతి ఇస్తే వచ్చే పెద్ద చిక్కు ఇది. రాత్రి మాటామాటా పెరిగి పని మానిపిస్తే అదే రాత్రి సంచి రోడ్డు మీద పడుతుంది. ఆ భయంతోనే పనివాడు జీతం ఆలస్యమైనా నోరెత్తడు. ఇలాంటి వసతిలో ఎవరూ నిలవరు, నిలిచినా మనసుతో నిలవరు.

అందుకే మూడు నియమాలు రాసిపెట్టండి.

పని పోయినా 30 రోజులు గది ఉంటుంది, ఆ నెల అద్దె మామూలుగానే. వేరే హోటల్‌లో చేరినా మంచం ఖాళీ చెయ్యనక్కర్లేదు. అద్దె వసూలు చేసేది హోటల్ మేనేజరు కాకూడదు.

అద్దెను జీతంలోనే పట్టుకోవాల్సి వస్తే రాతలో ఒప్పుకోలు తీసుకుని, జీతం చీటీలో విడి వరసగా చూపండి. యజమాని ఇచ్చిన వసతికి కోత పెట్టొచ్చు కానీ, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. అడ్వాన్సులు, పగిలిన ప్లేట్ల డబ్బు, అద్దె అన్నీ కలిపి చూస్తే కొన్ని చోట్ల ఆ గీత దాటేస్తున్నారు.

7. లోపలి ఏర్పాటు

మంచం దగ్గర ఒక మనిషికి ఏం కావాలో చూడండి. తల దగ్గర ఒక ప్లగ్ పాయింట్, ఫోన్ పెట్టుకునే చిన్న బల్ల చెక్క. మంచం కింద తాళం పడే ఇనుప పెట్టె, దాన్ని మంచం కాలికి గొలుసుతో కట్టే వీలు. ముందర ఒక తెర. ఆ తెర నూరు రూపాయల గుడ్డ, ఇంటికి వీడియో కాల్ చేసుకునేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. దోమతెర తప్పనిసరి.

గదుల్ని డ్యూటీ ప్రకారం పంచండి, ఊరు, భాష ప్రకారం పంచకండి. తెల్లారి నాలుగున్నరకు లేచే టీ మాస్టరు, రాత్రి ఒంటిగంటకు వచ్చే రూమ్ బాయ్ ఒకే గదిలో ఉంటే ఇద్దరికీ నిద్ర లేదు. రాత్రి డ్యూటీవాళ్ల గది వీధి వైపు వద్దు, కిటికీకి ముదురు రంగు తెర వేయండి.

గ్యాస్ పొయ్యి పడుకునే గదిలో పెట్టనివ్వకండి. వరండాలో ఒక మూల, బండ మీద, సిలిండరు బయట. హోటల్లోనే తింటారు కదా వంటగది ఎందుకంటారు గానీ, సెలవు రోజున తమ ఊరి కూర వండుకోవడం వాళ్లకు పండగ.

8. ఆడవాళ్ల వసతి

ఒకే ఇంట్లో పై అంతస్తు ఆడవాళ్లకు, కింద మగవాళ్లకు అనుకుంటే మెట్లు విడిగా ఉండాలి, లేకపోతే ఇల్లే వేరు చూడాలి. గడియ లోపలి నుంచి పడాలి. మరుగుదొడ్డికి బయట చీకట్లో నడవాల్సి వస్తే ఆ ఇల్లు వద్దు. శానిటరీ ప్యాడ్లు వేసే మూత డబ్బా, బట్టలు ఆరేసుకోవడానికి చాటుగా ఒక తీగ పెట్టండి. చూడ్డానికి చిన్నవే, అవి లేకే చాలామంది మానేస్తారు.

పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అంతకంటే చిన్న హోటళ్లవాళ్లు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. 112 (అత్యవసర సాయం), 181 (మహిళల హెల్ప్‌లైన్) నంబర్లు తలుపు లోపలివైపు పెద్ద అక్షరాలతో రాయండి. తనిఖీ పేరుతో మగ మేనేజరు గదిలోకి వెళ్లే అలవాటు మొదటి రోజు నుంచే ఉండకూడదు.

9. గదితో పాటు ఇవ్వాల్సిన తోడ్పాటు

ఖర్చు లేకుండా చెయ్యగలిగినవి ఇక్కడ చాలా ఉన్నాయి. నెలకో సాయంత్రం కేటాయిస్తే చాలు.

- రేషన్: ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద బయటి రాష్ట్రం కార్డుతో కూడా ఇక్కడి డిపోలో బియ్యం తీసుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు.
- ఈ-శ్రమ్ నమోదు: 16 నుంచి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులకు. సొంతంగా నమోదు చేసుకోవాలంటే ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై ఉండాలి.
- బ్యాంకు ఖాతా: జీతం చేతికి కాకుండా ఖాతాలో పడితే దాచుకోవడం, ఇంటికి పంపడం సులువు.
- పిల్లలు: టీసీ లేదని బడిలో చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టానికి విరుద్ధం. అంగన్‌వాడీ ఎక్కడుందో చూపించండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు హోటల్లో పనికి కనబడితే ఆ హోటల్‌తో మీ ఒప్పందం రద్దు.

10. ఇంటికి ఒక పెద్ద దిక్కు

ఉండేవాళ్లలోనే ఒకరిని పెట్టండి, వాళ్లకు అద్దెలో సగం తగ్గించండి. మోటారు వేయడం, క్యాన్లు లెక్క చూడటం, రిపేరు కబురు చెప్పడం వాళ్ల పని. శుభ్రం చేసే పని అతని నెత్తిన పెట్టకండి, దానికి విడిగా మనిషి ఉండాలి.

గోడ మీద నియమాలు ఐదారు చాలు. ఇరవై రాస్తే ఎవరూ చదవరు. తాగి గొడవ చెయ్యకూడదు, బయటివాళ్లు రాత్రి ఉండకూడదు, పదకొండు తర్వాత సెల్ పాటలు ఇయర్‌ఫోన్‌లోనే, అద్దె 10వ తేదీలోపు. జీతాలు 7వ తేదీకి ఇచ్చే చోట అద్దె 1వ తేదీకి అడగడం అప్పు చేయించడమే.

11. తుపాను వారం

డిసెంబరు 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మన తీరమంతా రోజుల తరబడి తడిసింది. అలాంటి వారంలో హోటళ్లు మూసేస్తారు, ఊరివాళ్లు బంధువుల ఇళ్లకు వెళ్లిపోతారు, బయటి రాష్ట్రం కుర్రాళ్లకే దారి తెలియదు. అక్టోబరు మొదట్లోనే ఇవి సిద్ధం చెయ్యండి:

- దగ్గరున్న తుపాను షెల్టరు ఏది, నడిచి ఎంతసేపు, దారి ఒకసారి చూపించడం
- మూడు రోజులకు సరిపడా బియ్యం, తాగునీరు, టార్చిలైట్లు
- అందరి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో
- కృష్ణపట్నం పోర్టులో ప్రమాద సూచిక ఎగరేస్తే హోటల్‌వాళ్లలో ఎవరు వచ్చి కబురు చెప్పాలో పేరుతో సహా

హోటళ్లు మూసిన ఆ వారానికి అద్దె తగ్గింపు ఉంటుందని ఒప్పందంలో ముందే రాయండి.

12. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

సీజన్‌లో నాలుగో మంచం వేసేయడం. "ఈ పది రోజులే" అంటారు, ఆ మంచం ఇక బయటికి పోదు. హాల్లో మడత మంచాలు వేయండి, సీజన్ అయ్యాక వాటిని హోటల్ స్టోర్‌కే పంపేయండి.

అద్దె తక్కువ చూపించి కరెంటు విడిగా వసూలు చేయడం. ప్రతి నెలా ఫ్యాను ఎవరు ఎక్కువసేపు వేశారన్న పంచాయితీ. అద్దెలోనే కలిపేసి, ఇస్త్రీ పెట్టె, హీటర్ల వాడకానికి ఒక చోటు, ఒక టైము పెట్టండి.

ఇరుగుపొరుగును పట్టించుకోకపోవడం. మనుషులు దిగే ముందే చుట్టుపక్కల నాలుగిళ్లకు వెళ్లి ఎవరు వస్తున్నారో, గొడవైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పండి. ఆ నంబరు గేటు మీద కూడా ఉండాలి. మీరు చెప్పకపోతే ఆ మాట వేరేవాళ్లు వేరేలా చెబుతారు.

ఒకే హోటల్ మీద ఆధారపడటం. అది మూతపడితే వసతి కూడా మూతే. కనీసం మూడు చోట్ల పనిచేసేవాళ్లు ఉండేలా మంచాలు పంచండి, ఒక్క యజమానికి సగానికి మించి ఇవ్వకండి.

రిపేర్ల డబ్బు అద్దెలో కలిసిపోవడం. నెలకు ₹2,000 వేరే ఖాతాలో పడాలి, తీయాలంటే ఇద్దరి సంతకాలు. మోటారు కాలిపోయిన రోజున ఆ ఖాతా ఖాళీగా ఉంటే రెండు రోజులు నీళ్లుండవు, మూడో రోజు నుంచి మనుషులూ ఉండరు.

మనుషుల్ని ఒకేసారి దింపడం. ముందు ఒక్క గదిలో ముగ్గురిని దింపి రెండు వారాలు చూడండి. ట్యాంకు ఎన్ని గంటలకు ఖాళీ అవుతోంది, ఏ ఫ్యూజు పోతోంది, రాత్రి గేటు ఎవరు తీస్తున్నారు అన్నవి అప్పుడే తెలుస్తాయి. అవి సరిచేశాక మిగతా మూడు గదుల తాళంచెవులు ఇవ్వండి.